వాన పడితే పుప్పొడి తగ్గాలి కదా? దక్షిణ తెలంగాణలో వాతావరణం చెప్పే జవాబు

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చేసరికి నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఏటా ఒకే ఫిర్యాదు మొదలవుతుంది. తెల్లవారగానే వరుస తుమ్ములు, కళ్ల దురద, ముక్కు కారడం, కొందరికి రాత్రిళ్లు ఛాతీలో పిల్లికూతలు. జ్వరం ఉండదు. జలుబు మాత్ర వేసుకుంటే రెండు రోజులు సర్దుకుని మళ్లీ మొదటికొస్తుంది. కారణం అడిగితే తలా ఒక మాట. ఎగిరే బూరుగు దూది అని కొందరు, లారీలు లేపే ధూళి అని కొందరు, రోడ్డు డివైడర్ల మీద నాటిన కోనోకార్పస్ అని ఇంకొందరు. పరిష్కారం విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట: ఒక్క మంచి వాన పడితే గాలి కడుక్కుపోతుంది.

ఈ బాధలో పెద్ద భాగం గాలిలో ఎగిరే పుప్పొడి వల్ల వచ్చే అలర్జీ. వాన దాన్ని కడిగేస్తుందన్న మాట సగమే నిజం. మిగతా సగం తెలియకపోవడం వల్లే ఉబ్బసం ఉన్నవారు సరిగ్గా ప్రమాదకరమైన అరగంటలోనే ఆరుబయట ఉండిపోతున్నారు.

సంక్షిప్తంగా

ఏ చెట్టు ఎంత పుప్పొడి తయారు చేస్తుందన్నది గడిచిన నెలల వర్షం, ఎండ నిర్ణయిస్తాయి. ఆ పుప్పొడి ఏ గంటలో బయటికొస్తుంది, ఎంత ఎత్తుకు లేస్తుంది, ఎవరి ముక్కు దాకా చేరుతుంది అన్నది ఆనాటి తేమ, గాలి, నేల వేడి తేలుస్తాయి. ఎడతెగకుండా కురిసే వాన పుప్పొడిని నేలకు దించుతుంది. వేసవిలో ఉరుములతో వచ్చే గాలివాన మాత్రం మొదటి కొద్ది నిమిషాల్లో దాన్ని లేపి, తడిపి, పగలగొట్టి ఊపిరితిత్తుల లోపలికి పోగలిగే సన్నని ముక్కలుగా మారుస్తుంది. గాలి నాణ్యత సూచీలో పుప్పొడి కనిపించదు.

కంటికి కనిపించేదే కారణం కాదు

ముందుగా చెట్ల సంగతి. రంగు, వాసన, తేనె ఉన్న పూలు పురుగులనో పక్షులనో పిలవడానికి పూస్తాయి. వాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది; వచ్చిన పురుగు ఒంటికి అంటుకోవాలి కాబట్టి. ఫిబ్రవరిలో దేవరకొండ, అచ్చంపేట దారుల వెంట ఎర్రగా మండే మోదుగ పూలు, బతుకమ్మకు పేర్చే తంగేడు పూలు ఈ కోవలోవే. గాలిలో వీటి వాటా చాలా తక్కువ. బూరుగు దూది అసలు పుప్పొడే కాదు, విత్తనాన్ని మోసే నూగు. అది కళ్ల ముందు ఎగురుతుంది కాబట్టి నింద దాని మీద పడుతుంది. అదే వారాల్లో కంటికి ఆనని పుప్పొడి వేరే చెట్ల నుంచి రాలుతూ ఉంటుంది.

మహబూబ్‌నగర్ పక్కనే ఉన్న పిల్లలమర్రి దీనికి మంచి ఉదాహరణ. దాదాపు 700 ఏళ్ల నాటిదని చెప్పే ఆ మహావృక్షం ఊడలతో ఎకరాల మేర విస్తరించింది. అంత చెట్టూ గాలిలోకి వదిలే పుప్పొడి దాదాపు ఏమీ లేదు. మర్రి పూలు కాయలా కనిపించే గుండ్రని తొడుగు లోపల దాగి ఉంటాయి. గింజంత కందిరీగలు ఆ తొడుగులోకి దూరి పుప్పొడిని ఒక కాయ నుంచి మరో కాయకు మోస్తాయి. చెట్టు ఎంత పెద్దది అన్నదానికీ, గాలిలోకి ఎంత పుప్పొడి వదులుతుంది అన్నదానికీ సంబంధం లేదు.

గాలి మీద ఆధారపడే చెట్లు వేరు. వాటి పూలకు అందం అక్కర్లేదు, చాలామంది వాటిని పూలుగా గుర్తించరు కూడా. నెమలినార ఆకులన్నీ రాల్చేసి, మోడు కొమ్మల మీద జనవరి చివరి నుంచి మార్చి దాకా చిన్న చిన్న ఆకుపచ్చ పూల గుత్తులు వేస్తుంది. ఆకులు అడ్డు లేకపోవడం వల్ల పుప్పొడి నేరుగా గాలిలోకి పోతుంది. దేశంలో చెట్ల వల్ల వచ్చే అలర్జీల గురించి చెప్పేటప్పుడు ఈ చెట్టు పేరు తప్పకుండా వస్తుంది. గీత కార్మికులకు బాగా తెలిసిన ఈత చెట్లలో పోతు, పెంటి వేరువేరుగా ఉంటాయి. పోతు చెట్టు పూత మీద చెయ్యి తగిలితే పిండిలా రాలేదే పుప్పొడి. ఆముదం చెట్టు కాకపోయినా గాలికి పుప్పొడి వదలడంలో చెట్లకు తీసిపోదు. గెలలో కింది భాగాన మగ పూలు, పై భాగాన ఆడ పూలు ఉంటాయి. మగ పూల పుప్పొడి తిత్తులు ఎండకు ఆరి చిట్లి పొడిని విసురుతాయి. నాగర్‌కర్నూల్, గద్వాల, నారాయణపేట మెట్ట భూముల్లో ఆముదం పాత పంట.

వీటన్నిటికన్నా విస్తారంగా ఉన్నది సర్కారు తుమ్మ. అమెరికా ఖండాలకు చెందిన ఈ చెట్టును 1870ల చివర్లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. ఆ తర్వాత అది చెరువు శిఖాల్లోకి, అంటే నీళ్లు తగ్గితే తేలే చెరువు నేలల్లోకి, బీళ్లలోకి, రైలు పట్టాల పక్కకు తనంతట తానే పాకింది. దీని పూలకు తేనెటీగలు వస్తాయి, అయినా పుప్పొడి గాలిలోనూ పుష్కలంగా దొరుకుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ప్రధానంగా, వానల తర్వాత మరోసారి పూస్తుంది.

ఇక కోనోకార్పస్. తూర్పు ఆఫ్రికా, యెమెన్ తీర ప్రాంతాల చెట్టు. నీళ్లు తక్కువైనా బతుకుతుంది, త్వరగా గోడలా పెరుగుతుంది కాబట్టి డివైడర్లకు అనువుగా కనిపించింది. గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నాటడం నిషేధించింది. చలికాలంలో పూసి పుప్పొడి వెదజల్లడం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. దాని మీద జాగ్రత్త సబబే. కానీ పాలమూరు, నల్లగొండ పల్లెల్లో తుమ్ములన్నిటినీ పట్టణాల రోడ్ల మధ్య ఉన్న ఈ వరుసల ఖాతాలో వేయడం సరికాదు. కోనోకార్పస్ మొక్క ఒక్కటీ లేని ఊళ్లలోనూ ఫిబ్రవరి తుమ్ములు ఉన్నాయి.

తిత్తి విప్పేది పొడిగాలి

పుప్పొడి తయారై పరాగకోశంలో, అంటే కేసరం కొసన ఉండే తిత్తిలో నిల్వ ఉంటుంది. ఆ తిత్తి గోడ తేమ కోల్పోయి ముడుచుకుంటేనే చిట్లుతుంది. కాబట్టి చెట్టు సిద్ధంగా ఉన్నా గాలి పొడిగా మారేదాకా పుప్పొడి బయటికి రాదు.

ఫిబ్రవరిలో ఇక్కడ ఒక రోజు ఎలా నడుస్తుందో చూస్తే సంగతి తెలుస్తుంది. తెల్లవారుజామున చలి, పొలాల మీద మంచు, గాలిలో తేమ 70 శాతం ప్రాంతంలో. తిత్తులు మూసే ఉంటాయి. ఎనిమిదింటికి ఎండ పొడుస్తుంది, తేమ జారడం మొదలవుతుంది. పదింటికల్లా కొమ్మలు ఆరిపోతాయి, మధ్యాహ్నానికి తేమ 30 శాతానికి, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. తిత్తులు ఎక్కువగా చిట్లేది ఈ ఉదయపు గంటల్లోనే. పొగమంచు దట్టంగా పట్టిన రోజు ఇదంతా రెండు మూడు గంటలు ఆలస్యంగా జరుగుతుంది. మబ్బు పట్టి రోజంతా ముసురుగా ఉంటే తిత్తులు విప్పుకోకుండా ఆగిపోతాయి. అలా ఆగిన పుప్పొడి పోదు, మర్నాడు ఎండ రాగానే రెండు రోజులదీ కలిసి ఒక్కసారే బయటపడుతుంది. మబ్బు విడిచిన మొదటి రోజు తుమ్ములు ఎక్కువ కావడానికి కారణం ఇదే.

హైదరాబాద్ వాతావరణ కేంద్రం ఫిబ్రవరి, మార్చి నెలల్లో చాలా రోజులు ఇచ్చే సూచన ఒకటే: రాష్ట్రంలో పొడి వాతావరణం. వార్తగా ఎవరూ పట్టించుకోని ఆ వాక్యం అలర్జీ ఉన్నవారికి మాత్రం హెచ్చరికే.

గాలి ఎంత దూరం మోస్తుంది

గాలికి ఎగిరే పుప్పొడి రేణువుల వ్యాసం ఎక్కువగా 15 నుంచి 40 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. నిశ్చలంగా ఉన్న గాలిలో 20 మైక్రాన్ల రేణువు సెకనుకు దాదాపు 1.2 సెంటీమీటర్ల వేగంతో దిగుతుంది. 10 మీటర్ల ఎత్తు కొమ్మ నుంచి నేలకు చేరడానికి 14 నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో గంటకు 10 కిలోమీటర్ల గాలి వీస్తుంటే, నేల తాకేసరికి చెట్టుకు 2 కిలోమీటర్ల పైన దూరంలో ఉంటుంది. వ్యాసం రెట్టింపైతే దిగే వేగం నాలుగు రెట్లవుతుంది. అంటే 40 మైక్రాన్ల రేణువు అదే కొమ్మ నుంచి మూడున్నర నిమిషాల్లో, 600 మీటర్ల లోపే దిగిపోతుంది. మొక్కజొన్న పుప్పొడి 80 మైక్రాన్లకు పైబడిన బరువైన రేణువు. మనిషి ఎత్తు మగ పూత నుంచి రాలితే అదే గాలికి 30 మీటర్లు దాటడమే కష్టం. పొలం గట్టు మీద నిలబడినవారికి తప్ప మొక్కజొన్న పుప్పొడి బాధ ఇంకొకరికి అంతగా తగలదు.

ఇదే లెక్క రెండు తుమ్మల తేడాను కూడా విడమరుస్తుంది. నల్లతుమ్మ పుప్పొడి విడి రేణువులుగా రాదు. సాధారణంగా 16 రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఒకే ముద్దగా ఊడిపడతాయి. ముద్ద బరువెక్కువ, చెట్టు చుట్టూనే రాలిపోతుంది. సర్కారు తుమ్మ పుప్పొడి ఒక్కో రేణువుగా విడివిడిగా వస్తుంది, ఎక్కువ దూరం పోతుంది. పొలం గట్టున తరతరాలుగా ఉన్న నల్లతుమ్మ ఇంట్లోవారిని ఇబ్బంది పెట్టకపోవడం, ఊరవతల చెరువు శిఖంలో దట్టంగా పెరిగిన సర్కారు తుమ్మ ఊరి మధ్యవారికి తగలడం ఇలా సాధ్యమవుతాయి.

పై లెక్కలన్నీ గాలి సాఫీగా అడ్డంగా వీస్తుందనుకుని వేసినవి. నిజానికి గాలి సుడులు తిరుగుతుంది, గోడలకు, గుట్టలకు కొట్టుకుంటుంది. అందుకే పుప్పొడిలో అత్యధిక భాగం చెట్టుకు కొన్ని పదుల మీటర్ల లోపే రాలిపోతుంది, కొద్ది భాగం మాత్రం లెక్కకు అందనంత దూరం పోతుంది. గాలి వేగం పెరిగితే తిత్తుల నుంచి ఎక్కువ పుప్పొడి ఊడుతుంది, కానీ అది ఎక్కువ గాలిలో కలిసి పలచబడుతుంది కూడా. కాబట్టి అతి తక్కువ గాలి, అతి ఎక్కువ గాలి రెండింటికన్నా ఆకులు కదిలేంత మోస్తరు గాలి ఉన్న రోజే చెట్టు దగ్గరి ఇళ్లకు ఇబ్బంది.

పగలు పైకి, రాత్రి కిందికి

గాలి అడ్డంగా వీచే వేగం కన్నా అది ఎంత ఎత్తు వరకు కలుస్తుందన్నదే ఈ ప్రాంతంలో ఎక్కువ ప్రభావం చూపుతుంది. దక్షిణ తెలంగాణ నేల సగం రాయి, సగం ఎర్రమట్టి. పంట లేని వేసవిలో ఎండకు త్వరగా కాగుతుంది. కాగిన నేల మీది గాలి బుడగలుగా పైకి లేస్తుంది. ఆ లేచే వేగం సెకనుకు ఒక మీటరు, అంతకు పైన కూడా ఉంటుంది. పుప్పొడి దిగే వేగం సెంటీమీటర్లలో, గాలి లేచే వేగం మీటర్లలో. ఇక నేలకు దిగే ప్రశ్నే లేదు. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో నేల నుంచి 2, 3 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి కలిసిపోతుంది.

సూర్యాస్తమయంతో ఇది తిరగబడుతుంది. రాయి ఎంత త్వరగా కాగుతుందో నిర్మలాకాశం ఉన్న శీతాకాలపు రాత్రి అంత త్వరగానే చల్లారుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది, దాని మీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. కలిసే పొర 200 మీటర్లకు, ఇంకా తక్కువకు కుంచించుకుపోతుంది. ఒకే పరిమాణం పుప్పొడి 3 కిలోమీటర్ల పొరలో కలిసినప్పటి కన్నా 200 మీటర్ల పొరలో ఇరుక్కున్నప్పుడు సాంద్రత 15 రెట్లు ఉంటుంది. పగలు పైకి లేచినదంతా సాయంత్రం నుంచి మెల్లగా దిగుతూ రాత్రంతా ఇళ్ల మధ్యే తేలుతుంది.

సాయంత్రం ఆరు తర్వాత ఆరుబయట కూర్చునేవారికి, కిటికీలు తెరిచి పడుకునేవారికి తెల్లారేసరికి ముక్కు బిగుసుకుపోవడం ఇందువల్లే. చెట్టు రాత్రి పుప్పొడి వదలదు, అయినా మనిషి దాన్ని రాత్రే ఎక్కువగా పీల్చవచ్చు. లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్టల నడుమ ఉన్న నల్లగొండ వంటి చోట్ల పల్లానికి చల్లగాలి దిగి నిలిచే అవకాశం మైదానం కన్నా ఎక్కువ. అదే మేలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరినప్పుడు పగటి గాలి బాగా పైదాకా కలిసిపోయి తుమ్ములు తగ్గినట్టు అనిపిస్తాయి. అప్పటికి నెమలినార పూత ముగిసి ఉండటం మరో కారణం. ఎండ పుప్పొడిని చంపుతుందన్న మాటలో నిజం లేదు. చెట్టుకు మళ్లీ ఉపయోగపడే జీవశక్తిని పుప్పొడి కోల్పోవచ్చు, అలర్జీ తెప్పించే ప్రొటీన్లు మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం నిలుస్తాయి.

వాన చేసే రెండు పనులు

జూలైలో రోజంతా కురిసే ముసురు విషయంలో జనం మాట అక్షరాలా నిజం. పడే చినుకు తన దారిలో ఉన్న పెద్ద రేణువులను ఢీకొని తనతో తీసుకుపోతుంది. రేణువు ఎంత పెద్దదైతే అంత సులువుగా దొరుకుతుంది. మైక్రాను కన్నా సన్నని పొగ కణాలు చినుకు చుట్టూ తప్పుకుపోతాయి, 20, 30 మైక్రాన్ల పుప్పొడి తప్పుకోలేదు. అరగంట, గంట వాన నిలకడగా పడితే గాలి తేటపడుతుంది. తడిసిన నేల, ఆకులు పట్టుకున్న పుప్పొడిని మళ్లీ ఎగరనివ్వవు.

ఫాల్గుణ, చైత్ర మాసాల వాన అలా రాదు. ఆ రోజుల్లో విదర్భ, మరాఠ్వాడాల నుంచి తెలంగాణ మీదుగా తమిళనాడు వైపు ద్రోణి, అంటే గాలి పీడనం తక్కువగా ఉండే పొడవాటి గీత, ఏర్పడుతుంది. సముద్రం నుంచి వచ్చే తేమ గాలి, లోపలి నుంచి వచ్చే పొడి వేడి గాలి ఆ గీత దగ్గర కలుస్తాయి. మధ్యాహ్నానికి నేల కాగి క్యుములోనింబస్, అంటే ఉరుముల మేఘాలు కట్టేస్తాయి. సాయంత్రం నాలుగు, అయిదు గంటలకు గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల ఈదురుగాలులు, ఉరుములు, ఒక్కోచోట వడగళ్లు. యాసంగి వరి కోత, మామిడి కాయ దశ, సర్కారు తుమ్మ పూత అన్నీ ఈ రోజుల్లోనే.

ఈ గాలివాన క్రమాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. మేఘంలో చల్లబడిన గాలి బరువుగా కిందికి దూకి నేలను తాకి నలువైపులా పరుచుకుంటుంది. వానకన్నా పది, ఇరవై నిమిషాల ముందు వచ్చే గాలిదుమారం అదే. ఉదయం నుంచి కొమ్మల మీద, ఆకుల మీద, రోడ్డు పక్క మట్టిలో పేరుకున్న పుప్పొడిని అది ఒక్క ఊపులో లేపుతుంది. దాని ముందు భాగాన గాలి మేఘం వైపు లేస్తుంది, చుట్టుపక్కల పుప్పొడి ఆ తేమలోకి పోతుంది. తర్వాత పెద్ద పెద్ద చినుకులు విడివిడిగా మొదలవుతాయి. వాటి దెబ్బకు పొడి నేల, ఆకుల మీది పుప్పొడి మరికొంత చింది లేస్తుంది.

అసలు ముప్పు తడిలో ఉంది. పుప్పొడి రేణువు నీళ్లు పీల్చుకోవడానికే తయారైనది, ఆడ పువ్వు కొన మీద తడి తగలగానే ఉబ్బి మొలకెత్తాలి. వాన నీళ్లు, మేఘపు తేమ తగిలితే కొన్ని రకాలు ఉబ్బి పగిలిపోతాయి. లోపలి పిండి కణికలు అలర్జీ ప్రొటీన్లతో సహా బయటపడతాయి. రై గ్రాస్ అనే గడ్డి పుప్పొడి ఒక్క రేణువు నుంచి దాదాపు 700 కణికలు రావచ్చని ప్రయోగశాలల్లో గమనించారు. ఒక్కోటి 3 మైక్రాన్ల లోపే. పగలని పుప్పొడి పెద్దది కాబట్టి ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. తుమ్ములు, కళ్ల దురద దాని పని. 3 మైక్రాన్ల ముక్క అక్కడ ఆగదు. శ్వాసనాళాల చివరి కొమ్మల దాకా పోతుంది, అక్కడ మొదలయ్యేది ఉబ్బసం. ఏనాడూ ఉబ్బసం లేని, ముక్కు అలర్జీ మాత్రమే ఉన్న మనిషికి గాలివాన రోజు ఊపిరాడకపోవడానికి దారి ఇదే.

ఇది ఎంత తీవ్రంగా ఉండగలదో మెల్‌బోర్న్ చూసింది. 2016 నవంబర్ 21న 35 డిగ్రీలు దాటిన ఎండ తర్వాత సాయంత్రం గాలివాన వచ్చింది. కొద్ది గంటల్లో వేలమంది ఆసుపత్రులకు పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. 2013 నవంబర్‌లో ఇరాన్‌లోని అహ్వాజ్‌లో శరదృతువు తొలి వాన తర్వాత ఇలాగే పెద్ద సంఖ్యలో జనం ఊపిరాడక ఆసుపత్రుల్లో చేరారు. ఆ నగరంలో కోనోకార్పస్ విస్తారంగా ఉండటంతో అనుమానం దాని మీదికి పోయింది, దాని పాత్ర ఎంతన్న వాదం మాత్రం తేలలేదు.

మెల్‌బోర్న్‌లో దోషి గడ్డి పుప్పొడి, ఇక్కడ వేసవిలో ఎగిరేది ప్రధానంగా చెట్లది. చెట్లన్నిటి పుప్పొడీ ఒకే తీరుగా పగలదు. కాబట్టి అంతటి ఉపద్రవం రేపే ఇక్కడ వస్తుందని భయపెట్టడం తగదు. కానీ వేడి నేల, పొడి పుప్పొడి, హఠాత్తుగా దూసుకొచ్చే చల్లగాలి, తడి అనే నాలుగు అంశాలూ ఏప్రిల్ సాయంత్రాల్లో ఇక్కడ ఒకేచోట ఉంటాయి.

ఆ పది నిమిషాల్లో బయట ఎవరుంటారు? ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో రైతులు, హమాలీలు. మబ్బు నల్లబడగానే ఇళ్లలోవారు లోపలికి వెళతారు, వీరు మాత్రం టార్పాలిన్లు పట్టుకుని కుప్పల వైపు పరుగెత్తుతారు. వరి దుమ్ము, మట్టి, పుప్పొడి కలిసిన గాలిదుమారాన్ని నిండా పీల్చేది వాళ్లే, అదీ పరుగు మీద రొప్పుతూ నోటితో. తలకు చుట్టుకున్న తువ్వాలు ముక్కు, నోటికి అడ్డంగా కట్టుకుంటే పగలని పుప్పొడిని చాలావరకు ఆపుతుంది, సన్నని ముక్కలకు ఎన్-95 మాస్కు కావాలి. కొనుగోలు కేంద్రంలో తాగునీరు, నీడ పెట్టినట్టే ఉబ్బసం ఉన్నవారికి కొన్ని మాస్కులు ఉంచడం పెద్ద ఖర్చు కాదు.

ఏడాది వాతావరణం, దీర్ఘకాలపు మార్పు

దక్షిణ తెలంగాణ జిల్లాల్లో చాలా మండలాలకు ఏటా పడేది 600, 700 మిల్లీమీటర్ల వాన. రాష్ట్ర సగటు 900 చుట్టూ ఉంటుంది. క్రితం వానాకాలం బాగుంటే చెట్టు దగ్గర పిండి పదార్థం నిల్వ ఉంటుంది, తర్వాతి పూత నిండుగా వస్తుంది. కరువు ఏడాది పూత పలచబడుతుంది. ఈ సూత్రం సర్కారు తుమ్మకు సరిగా వర్తించదు. దాని వేళ్లు ఇతర చెట్లకు అందని లోతు దాకా పోతాయి. కరువులో మిగతా చెట్ల పుప్పొడి తగ్గినా గాలిలో దీని వాటా పెరిగే అవకాశం ఉంది. వరుసగా రెండేళ్లు బీడు పడిన భూమిలో మొదట నిండేదీ అదే.

భూతాపం వల్ల పుప్పొడి కాలం ముందుకు జరుగుతోందన్న వార్తలు తరచూ వస్తున్నాయి. ఉత్తర అమెరికాలో 1990 నుంచి 2018 వరకు లెక్కలు చూస్తే పుప్పొడి కాలం దాదాపు 20 రోజులు ముందే మొదలైంది, పుప్పొడి పరిమాణం 21 శాతం పెరిగింది. ఆ సంఖ్యలను తెచ్చి ఇక్కడ అతికించడం పొరపాటు. అక్కడ చెట్టు చలి ముగిసే వేడి కోసం ఎదురుచూస్తుంది, వేడి ముందొస్తే పూత ముందొస్తుంది. ఇక్కడ నెమలినార వంటి చెట్లను పూతకు నడిపేది నేల ఎండటం, ఆకు రాలడం. వానలు అక్టోబర్‌లో ముగిశాయా, నవంబర్ చివరి దాకా సాగాయా అన్నది ఇక్కడి పూత తేదీని మార్చగలదు.

రుతువుల వారీగా చూస్తే జూన్ తర్వాత చెట్ల వంతు తగ్గి గడ్డి, వయ్యారిభామ వంటి కలుపు మొక్కల వంతు వస్తుంది. వర్షాలకు విరామం వచ్చి వారం రోజులు ఎండ కాస్తే వాటి పుప్పొడి లేస్తుంది. సెప్టెంబర్ నుంచి ఆముదం పూత. అక్టోబర్, నవంబర్లలో వానాకాలపు వరి కోత దుమ్ము, తడి గడ్డి మీది బూజు వల్ల కూడా అవే తుమ్ములు వస్తాయి. ఆ నెలల తుమ్ములను చెట్ల మీదికి నెట్టకూడదు.

గాలి నాణ్యత సూచీలో ఎందుకు కనిపించదు

ఫోనులో గాలి నాణ్యత సూచీ పచ్చ రంగు చూపిస్తుంటే గాలి శుభ్రంగా ఉందనుకుంటాం. భారత గాలి నాణ్యత సూచీ ఎనిమిది కాలుష్యకాల లెక్క. వాటిలో పీఎం 10 అంటే 10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలు. చెట్ల పుప్పొడి దాదాపు అంతా 10 మైక్రాన్ల పైనే ఉంటుంది. యంత్రం లోపలికి వెళ్లకముందే దాన్ని వడగడతారు. ఫిబ్రవరిలో నెమలినార పూత ఉచ్చస్థితిలో ఉన్న రోజు సూచీ సంతృప్తికరం అని చూపించడంలో యంత్రం లోపం లేదు, దాన్ని ఆ పనికి పెట్టలేదు. మరోవైపు జాతీయ రహదారులు 44, 65 పక్కన ఉండేవారికి డీజిల్ పొగ, పుప్పొడి రెండూ కలిసి తగులుతాయి. పొగ కణాలు శ్వాసనాళాల పొరను ముందే రేపి పెట్టడం వల్ల పుప్పొడి తక్కువగా ఉన్నా ఇబ్బంది ఎక్కువ కావచ్చని పరిశోధనలు సూచిస్తున్నాయి.

పుప్పొడి లెక్కకు వేరే పరికరం ఉంది. 1952లో హిర్స్ట్ అనే శాస్త్రవేత్త రూపొందించిన పద్ధతే ఇప్పటికీ ప్రామాణికం. నిమిషానికి 10 లీటర్ల గాలిని, అంటే విశ్రాంతిలో ఉన్న మనిషి పీల్చేదానికి దగ్గరి పరిమాణాన్ని, సన్నని చీలిక గుండా లాగుతారు. లోపల జిగురు పూసిన టేపు గడియారపు వేగంతో కదులుతుంది. పుప్పొడి దానికి అతుక్కుంటుంది. టేపును ముక్కలు చేసి సూక్ష్మదర్శిని కింద పెట్టి ఏ గంటలో ఏ చెట్టుది ఎంత పడిందో లెక్కిస్తారు. చండీగఢ్‌లో పీజీఐఎంఈఆర్ వైద్య సంస్థ, పంజాబ్ విశ్వవిద్యాలయం కలిసి ఇలాంటి గణనతోనే ఆ నగరానికి పుప్పొడి క్యాలెండర్ తయారు చేశాయి. ఏ నెలలో ఏ చెట్టుతో జాగ్రత్తగా ఉండాలో అక్కడి రోగికి, వైద్యుడికి తెలుసు.

చండీగఢ్ క్యాలెండర్ పాలమూరుకు పనికిరాదు. చెట్లు వేరు, వాన వేరు, రాతి నేల వేరు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి, రెండు పట్టణాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. మేడ మీద ఒక యంత్రం, దాన్ని రోజూ చూసే ఒక మనిషి, పక్కనే వాతావరణ నమోదు కేంద్రం ఉంటే రెండు మూడేళ్లలో ఈ జిల్లాలకు సొంత లెక్క సిద్ధమవుతుంది. అప్పుడు తేమ, గాలి, ద్రోణి సూచనతో పాటు పుప్పొడి సూచన కూడా ముందురోజే చెప్పవచ్చు. అది వచ్చేదాకా అలర్జీ ఉన్నవారు వాతావరణ సూచననే ఇలా చదువుకోవచ్చు: పొడి వాతావరణం అంటే ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా, మళ్లీ చీకటి పడ్డాక జాగ్రత్త, ఈదురుగాలులతో వాన అంటే మొదటి గాలికే లోపలికి వచ్చి కిటికీలు మూసి, వాన నిలకడగా కురిసి ఆగాక మరో అరగంటకు బయటికి రావడం, ఉబ్బసం మందు పీల్చేవారు ఆ సాయంత్రం ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకోవడం.